వచ్చిన దారిన తిరిగిపోని ఇల్లు

మారిషస్ విమానాశ్రయంలో అద్దె కార్ల కౌంటరు ముందు నిలబడి మా ఆయన అడిగిన మొదటి మాట, "నల్ల అద్దాల బండి ఉందా?" అని.

కౌంటర్లో ఉన్న అమ్మాయికి అర్థం కాలేదు. ఎండ తగలకుండానా అని అడిగింది. బయట వాన పడుతోంది. నల్ల అద్దాలు లేవని, ఉన్నదల్లా చిన్న తెల్ల కారేనని చెప్పింది. మా ఆయన మొహం ముడుచుకుని, అదే ఇమ్మన్నాడు.

నాకు కోపం అక్కడే మొదలైందని చెబితే అబద్ధం. అది మొదలై ముప్పై ఏళ్లు దాటింది. అక్కడ కొంచెం సెగ తగిలి పొంగింది, అంతే.

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఈ ప్రయాణం కుదిర్చింది. నన్నూ, వాళ్ల నాన్ననూ, వాళ్ల అవ్వనూ, అంటే మా అత్తనూ, కలిపి పంపింది. "అమ్మా, నీకోసమే బస్‌స్టాప్ ఎదురుగా ఉండే ఇల్లు చూసి మాట్లాడినా. ఆ దీవిలో ఏ మూలకైనా బస్సు పోతాది. కారు అక్కర్లేదు" అని నాకు మాత్రం విడిగా చెప్పింది. దానికి తెలుసు. నాకు సముద్రం మీద ఆశ లేదు, బోటు షికారు మీద ఆశ లేదు. ఆ దేశంలో నాకు ఒక్కటే కావాలి. బస్సెక్కాలి.

నవ్వేవాళ్లు నవ్వండి. బస్సు ఎక్కడానికి సముద్రం దాటాలా అని మీకనిపిస్తే, మీరు మా ఇంట్లో కాపురం చేయలేదని అర్థం.

మాది బద్వేలు. మా నాన్న బడిపంతులు. డిగ్రీ చదివినన్నాళ్లూ బద్వేలు నుంచి కడపకు ఎర్రబస్సులోనే తిరిగాను. బస్సు స్టాండులోకి ఇంకా మలుపు తిరుగుతుండగానే కిటికీలోంచి ఖర్చీఫ్ వేసి సీటు పట్టడంలో నన్ను మించినవాళ్లు మా క్లాసులో లేరు. ఏ డ్రైవరు ఆగుతాడో, ఏ కండక్టరు విసుక్కుంటాడో, సిద్ధవటం దాటాక ఏ పక్కన ఎండ పడుతుందో అన్నీ తెలుసు. అట్లాంటిదాన్ని బనగానపల్లె దగ్గర ఒక మామిడితోటల ఇంటికి కోడలిగా పంపారు. వాకిట్లో మూడు బండ్లు. ఇంటి నిండా నియమాలు.

ఎన్ని గంటలకు బయల్దేరేదీ ఎవరికీ చెప్పకూడదు. పోయిన దారిన తిరిగి రాకూడదు. కల్వర్టు దగ్గర బండి నెమ్మది చేయకూడదు. పొద్దున్నే బండి తీసేముందు వంగి కింద చూడాలి. పెద్దవాళ్లను వెనక సీట్లో మధ్యలో కూర్చోబెట్టాలి, కిటికీ పక్కన కూర్చోబెట్టకూడదు. అన్నిటికీ మించి, ఆ ఇంటి మనిషి ఎవరూ బస్సెక్కకూడదు.

కారణం ఉంది. లేదనను. మా మామను నేను చూడలేదు. నా పెళ్లికి చాలా ఏళ్ల ముందు ఆయన, మా అత్త బస్సులో నంద్యాలకు పోతుంటే, దారిలో కల్వర్టు దగ్గర బస్సు ఆపి ఆయన్ను దించి చంపారు. మా అత్త పక్కనే ఉంది. మా ఆయన అప్పుడు ఇంటి దగ్గర ఆడుకునే పిల్లాడు. అంతకుముందు మావాళ్లు అవతలివాళ్లకు చేసిందేమీ తక్కువ కాదు కాబట్టి తప్పెవరిదని నేను రాయను. తర్వాత పెద్దమనుషులు కూర్చున్నారు, రాజీ చేశారు. అది గట్టి రాజీయే. ఇప్పుడు అవతలి ఇంటి మనవడు, మా ఆయన కలిసి ఒక తోట కొని ప్లాట్లేసి అమ్ముతున్నారు. పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు. ఒకరి ప్లేటులోంచి ఒకరు బొరుగులు తింటారు. మనుషులతో రాజీ అయింది. బస్సుతో మాత్రం కాలేదు!

పెళ్లయిన మరుసటి ఏడు నాకు నంద్యాలలో బి.ఎడ్. సీటు వచ్చింది. బస్సు మా గేటు ముందే ఆగుతుంది. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు. మా ఆయన బస్సులో వద్దన్నాడు. సరే, కార్లో పంపమన్నాను. "రోజూ ఒకే టైముకు, ఒకే దారిలో కారు పోతాదా? నీకు బుద్ధుందా?" అన్నాడు. బస్సు కాబట్టి బస్సు వద్దు, రోజూ కాబట్టి కారు వద్దు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను అప్పటికీ వదల్లేదు, మూడు పూటలు అన్నం మానేసి కూర్చున్నాను. అప్పుడు తీశాడు అసలు ఆయుధం. "అమ్మ బస్సును చూస్తే తట్టుకోలేదు. నువ్వు రోజూ బస్సెక్కి పోతాంటే ఆమె ఏమైపోవాల?"

ఆ మాటకు ఎదురు మాట ఉంటుందా? సీటు పోయింది. నాతో కలిసి సీటొచ్చిన నా స్నేహితురాలు ఇప్పుడు హెడ్మాస్టరు. నేను మామిడికాయలు ముగ్గవేస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత ప్రతిదానికీ అదే తాళం. పిల్లలను బడి బస్సెక్కిద్దామంటే, అమ్మ తట్టుకోలేదు. వీధిలో ఆడవాళ్లంతా బస్సు మాట్లాడుకుని అహోబిలం పోతున్నారు, నేనూ పోతానంటే, అమ్మ తట్టుకోలేదు. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సులో టికెట్ కూడా అక్కర్లేదు. మా గేటు ముందు నుంచి నిండా ఆడవాళ్లతో బస్సులు పోతుంటాయి. లోపల్నుంచి నవ్వులు వినిపిస్తాయి. నేను గేటు పట్టుకుని చూస్తుంటాను. ఈ మాటలు జరిగే ప్రతిసారీ మా అత్త అక్కడే ఉండేది, మిరపకాయలకు తొడిమలు తీస్తూనో, చేటలో బియ్యం చెరుగుతూనో. తలెత్తేది కాదు, పలికేది కాదు. ఆ మౌనం మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఏమిటో మా వంటింట్లో ప్రతి గిన్నెకూ తెలుసు.

ఇంతా మోసుకుని మారిషస్ పోయాం. పోయిన చోటికి ఇంటి నియమాలు కూడా వచ్చాయి. వాటికి వీసా ఎవరిచ్చారో తెలియదు.

అక్కడ కూడా మనలాగే రోడ్డుకు ఎడమ పక్కనే నడుపుతారు. మా ఆయనకు అది చాలు. "మన ఊరి మాదిరే ఉండాది" అని స్టీరింగు తట్టాడు. వెనక సీట్లో అత్త మధ్యలో, ఒక పక్క నేను, ఇంకో పక్క సూట్‌కేసు. సూట్‌కేసుకు దొరికిన కిటికీ అత్తకు దొరకలేదు.

మొదటి రోజు పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, మోకాళ్ల మీద వంగి కారు కింద చూశాడు. పక్కింట్లో దిగిన ఫ్రాన్సు ముసలామె అది చూసి, పాపం తనూ వంగి, పిల్లి దూరిందా అని ఇంగ్లీషులో అడిగింది. ఈయన అవునన్నట్టు తలూపాడు. ఇక ప్రతి పొద్దూ ఆమె గిన్నెలో పాలు తెచ్చుకుని ఈయనతో పాటు కారు కింద వెతికేది. నేను తలుపు వెనక నిలబడి పళ్లు కొరుక్కున్నాను. నవ్వొచ్చి కాదు, సిగ్గేసి.

"ఎన్నింటికి పోదాం?" అంటే "పోదాంలే." "యాడికి?" అంటే "చూద్దాంలే." ఆ దీవిలో మనల్ని ఎరిగినవాడు ఎవడున్నాడు? ఎవరు కాచుకుని కూర్చుంటారు, కొబ్బరిచెట్లా? ఎదురుగా స్టాపులో బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. పూల గౌన్ల ఆడవాళ్లు, కాయగూరల సంచులతో ముసలివాళ్లు, యూనిఫాం పిల్లలు ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఏ గంటకు బయల్దేరేదీ బస్సు ఊరందరికీ చెప్పే పోతుంది. దాన్నేమీ ఎవరూ చంపలేదు.

రోడ్డుకు రెండు పక్కలా చెరకు తోటలు. మనిషెత్తు దాటి పెరిగి గాలికి ఊగుతున్నాయి. చూడటానికి ఎంత బాగున్నాయో! మా ఆయన మాత్రం స్టీరింగును గట్టిగా పట్టుకున్నాడు. మా వైపు జొన్న ఆ ఎత్తుకు పెరిగినప్పుడు మగవాళ్లు పొలం దారిన పోవడానికి జంకేవాళ్లట. మలుపు వస్తే చాలు వేగం పెంచుతాడు. చిన్న వంతెన కనబడితే ఇంకా పెంచుతాడు. వెనక అత్త ఊగిపోయి నా మీద పడుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు పోయిన దారి పనికిరాదు కదా. ఆ చెరకు తోటల్లో అన్ని దారులూ ఒకటిగానే ఉంటాయి. ఫోన్లో మ్యాపు ఒక దారి చెబితే ఈయన ఇంకో దారి పట్టేవాడు. పాత చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం ఒకటి ఉంది, తిరిగి తిరిగి దాని దగ్గరికే వచ్చాం. "అద్దో బస్సు పోతాంది, దాని వెంబడి పోతే ఏదో ఒక ఊరొస్తాది" అన్నాను. "నాకు తెలుసు" అన్నాడు. తెలిసినవాడు పొగగొట్టం చుట్టూ ప్రదక్షిణలెందుకు చేస్తాడు?

అత్తకు వాంతులయ్యాయి. ఎనభైకి దగ్గర పడిన మనిషి, మధ్య సీట్లో రెండు చేతులా ముందు సీట్లు పట్టుకుని కళ్లు మూసుకుంది. ఆ సాయంత్రం మజ్జిగ కలిపి ఇస్తూ, "సముద్రం బాగుందా అత్తా?" అని ఊరికే అడిగాను.

"యాడుండాది సముద్రం? నాకు ముందు సీటే కనపడ్తాండాది" అంది.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు పొద్దున నేను చెప్పేశాను. "ఈ పొద్దు నేను బస్సులో పోతా. మీరు కార్లో యాడికన్నా పోండి."

మా ఆయన టీ కప్పు బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు. "ఎర్రబస్సు దిగొచ్చినోళ్ల మాదిరి చేయాకు. దేశంగాని దేశంలో మర్యాద గూడా లేదా?"

"నేను బద్వేలు ఎర్రబస్సు దిగే మీ ఇంటికొచ్చినా. నా మర్యాదకేం కాలేదు. ఈడ బస్సాపేదెవరు చెప్పండి? ఆపేవాని మనవడు మీ ప్లాట్లలో పార్ట్‌నరు. మీరు ఆయప్పతో కలిసి బిర్యానీ తినొచ్చు, నేను బస్సెక్కగూడదా?"

అట్లా ఎప్పుడూ మాట్లాడలేదు నేను. ఆయన చివరికి అలవాటైన చోటికే పోయాడు. "నువ్వేమైనా చెప్పు. అమ్మ తట్టుకోలేదు."

అత్త అరటిపండు ఒలుస్తోంది. ఒలవడం ఆపింది.

"నన్నెప్పుడన్నా అడిగినావా?" అంది.

కొడుకు వైపు తిరిగింది. "నాకు బస్సంటే భయమని నీకెవురు చెప్పినారు?"

"అందరూ..." అన్నాడాయన.

"అందరూ అంటే ఎవరప్పా? నేను చెప్పినానా?" పండు అక్కడే పెట్టి, కొంగు సర్దుకుని, చెప్పులు వేసుకుంది. "పోదాం పామ్మే" అంది నాతో.

ఆ క్షణంలో నేను సంతోషించి ఉండాలి. నిజం చెబుతున్నాను, ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లు! ఈమె పేరు చెప్పి నా కాళ్లు కట్టేశారు, ఈమె ఒక్క మాట అని ఉంటే ఆ కట్లు తెగిపోయేవి. రోడ్డు దాటుతూనే అడిగేశాను. "ఇన్నేండ్లూ ఎందుకు నోరు తెరవలేదత్తా?"

"అడిగితే గదా చెప్పేది. నా తరపున మీరే మాట్లాడుకుంటిరి. వాళ్లు సరే, మగోళ్లు. నువ్వన్నా అడిగినావా?"

అప్పుడే బస్సు వచ్చింది.

ఇద్దరు కూర్చునే సీటు దొరికింది. ఇన్నాళ్లకు ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టాలని నేను పక్కకు జరిగి, "లోపలికి పో అత్తా" అన్నాను.

"వద్దు. నువ్వు కూచో లోపల. నేను ఈ పక్కుంటా" అంటూ నన్ను లోపలికి తోసింది. మొండిగా తోసింది. తను నడవ వైపు కూర్చుని, ముందు సీటు కడ్డీ మీదుగా నాకడ్డంగా చెయ్యి పెట్టింది. కండక్టరు వచ్చి ఎక్కడికని ఇంగ్లీషులో అడిగాడు. నాకు ఆ ఊళ్ల పేర్లకు నోరు తిరగదు. ఏం చెప్పాలా అనుకుంటుంటే అత్త తెలుగులోనే చెప్పింది, "కడదాకా అప్పా." నేను చివరి స్టాపు అని చెప్పి టికెట్లు తీసుకున్నాను.

బస్సు చెరకు తోటల్లోకి వచ్చాక ఆమె మాట్లాడింది. నా వైపు చూడకుండా, దారిని చూస్తూ చెప్పింది.

"ఆ పొద్దు కిటికీ సీటు నాకిచ్చినాడు మీ మామ. నాకు వాంతులైతాయని. ఈ పక్క ఆయన కూచున్యాడు. లోపల కూచోనుంటే అంత సులువుగా లాగుండరు. నంద్యాలదాకా టికెట్ తీసుకున్యాడు. సగం దారే పోయినాం. నన్ను ఎవరిదో జీపులో ఇంటికి తెచ్చినారు. ఇంగ మిగిలిన దారి నేను పోనే లేదు."

నేను కిటికీలోంచి బయటకు చూశాను. ఏమీ కనబడలేదు. ముప్పై ఏళ్లుగా ఆమె ఎదురుగా నేను కొట్టిన గిన్నెల చప్పుడు మాత్రం చెవుల్లో మోగింది.

అంతలో తెల్ల కారు మమ్మల్ని దాటిపోయింది. హారన్ కొడుతూ, వేగంగా. మలుపు తిరిగేసరికి ముందు స్టాపు దగ్గర మా ఆయన రోడ్డు మీదకొచ్చి చెయ్యెత్తి నిలబడ్డాడు. డ్రైవరు సడన్ బ్రేకు వేశాడు. మా ఆయన ముందు తలుపులోంచి పైకెక్కి, సీట్ల మధ్య నుంచి మా దాకా వచ్చి, అత్త భుజం మీద చెయ్యి వేశాడు.

"దిగమ్మా" అన్నాడు.

బస్సంతా మమ్మల్నే చూస్తోంది. అత్త ఆ చేతి వంక చూసింది, తర్వాత కొడుకు మొహంలోకి చూసింది. గొంతు పెంచలేదు.

"ఆ పొద్దు గూడా ఇట్లనే బస్సాపి, ఇట్లనే దిగమన్నారు."

ఆయన చెయ్యి దానంతటదే జారిపోయింది. కండక్టరు దగ్గరికి వచ్చి, ఏమైనా ఇబ్బందా అని నన్నడిగాడు. "ఏమీ లేదు. ఈయన మా ఆయన. ఈ బస్సులో రావడం లేదు" అన్నాను.

"వస్తే రా, వెనక సీటు ఖాళీగా ఉండాది" అంది అత్త. "లేకుంటే దిగు. జనం పనులు చెడగొట్టాకు."

ఆయన దిగాడు. బస్సు కదిలింది.

ఇక్కడ నాకు జాలేసిందని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. వేయలేదు. తండ్రిని పోగొట్టుకున్న పిల్లాడని నాకు తెలుసు, ఆ భయం ఎక్కడిదో తెలుసు. భయం ఆయనది. మూల్యం నాది. తన భయాన్ని తన భయమని ఒక్కనాడు ఒప్పుకున్నా నేను ఆ చెయ్యి పట్టుకునేదాన్ని. మర్యాద అన్నాడు, ఆచారం అన్నాడు, అమ్మ అన్నాడు. నాకు భయం అని మాత్రం అనలేదు.

వెనక అద్దంలోంచి చూస్తే తెల్ల కారు మా వెనకే వస్తోంది. బస్సు ఆగిన చోటల్లా ఆగుతోంది, కదిలితే కదులుతోంది. ఒకప్పుడు మా ఇంటి నుంచి ఎవరు బయల్దేరినా ముందొక బండి, వెనకొక బండి పోయేవట. ఆ దీవిలో కూడా మాకు వెనక బండి తప్పలేదు.

"వస్తాండాడా?" అంది అత్త వెనక్కి తిరగకుండా.

"వస్తాండాడు."

"రానీ" అంది. దారంతా ఎవరెక్కినా, ఎవరు దిగినా, ఆమె నాకడ్డంగా పెట్టిన చెయ్యి తీయలేదు.

చివరి స్టాపు సముద్రం పక్కనే. అందరూ దిగిపోయారు. ఆమె మాత్రం కూర్చునే ఉంది. "ఇదేనా కడ?" అని అడిగింది. ఇదే అన్నాను. ఇంకా కాసేపు కూర్చుంది, తర్వాత నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. నీళ్ల దాకా పోలేదు. గట్టు మీద నిలబడి, పొద్దెక్కిన సముద్రాన్ని, చేపల బుట్టల దగ్గర బేరాలాడే ఆడవాళ్లను, ఖాళీ బస్సును, అన్నిటినీ ఒకేలా చూసింది.

మా ఆయన కారు నిలిపి దిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వెనక తలుపు తెరిచి, "రామ్మా. ఇంగో దారి ఉండాది, మ్యాపులో చూసినా. ఆ పక్క నుంచి పోదాం" అన్నాడు.

స్టాండులో బస్సు వెనక్కి తిరుగుతోంది. అది మళ్లీ మనం ఎక్కిన స్టాపుకే పోతుందేమో కనుక్కోమని అత్త నాతో అంది. కనుక్కున్నాను, పోతుంది. బస్సులో ఒక్కరూ లేరు, సీటు పట్టాల్సిన పనే లేదు. అయినా నా ఖర్చీఫ్ తీసి కిటికీలోంచి లోపలికి వేశాను.

అత్త, తెరిచి పెట్టిన కారు తలుపును దాటి బస్సు వైపు నడిచింది.

"వచ్చిన దారినే పోతా నాయనా" అంది.